ట్రాట్‌లో ఎగిరెగిరి పడుతున్నా, రిథమ్ అందట్లేదు... 34 ఏళ్లకి ఇది వస్తుందా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇదీ: గచ్చిబౌలిలో ఐటీ జాబ్, మొయినాబాద్ వైపు ఒక స్టేబుల్‌లో రెండు నెలలుగా ఆదివారం ఆదివారం గుర్రపు స్వారీ క్లాస్, వాక్ (గుర్రం మామూలు నడక) బాగానే వచ్చింది, ట్రాట్ (దానికన్నా ఫాస్ట్‌గా, ఎగురుతూ పోయే నడక) మొదలవగానే సాడిల్ (జీను) మీద బస్తా పడేసినట్టు ధబీ ధబీమని పడుతున్నారు, సార్ "అప్, డౌన్, అప్, డౌన్" అని అరుస్తుంటే ఆ టైమింగ్ మీకు అందట్లేదు, పక్కన ఎనిమిదో క్లాస్ పిల్లలు నవ్వుకుంటూ చేసేస్తున్నారు. వస్తుందా, రాదా, వస్తే ఎట్లా.

వస్తుందండి. మీరు పైకి లేవడానికి కష్టపడుతున్నారు, అక్కడే తేడా కొడుతోంది. లేపే పని గుర్రమే చేస్తుంది, మీరు ప్రాక్టీస్ చేయాల్సింది మెత్తగా కిందికి దిగడం. ఇంకోటి, వారానికి ఒక క్లాస్ చాలదు. ఆదివారం ఒంటికి అలవాటైంది శనివారానికల్లా పోతుంది. కొన్నాళ్లైనా వారానికి రెండు పెట్టుకోండి, అట్లా చేసిన మీ ఏజ్ వాళ్లు చాలామంది రెండు మూడు నెలల్లో రింగ్ చుట్టూ ఎక్కడా తప్పకుండా రైజింగ్ ట్రాట్ (గుర్రం అడుగుల లయకి లేస్తూ కూర్చుంటూ పోవడం) చేయడం చూశా. అర్జెంట్‌గా కావాల్సింది ఇంతే, ఓపిక ఉంటే మిగతాది చదవండి, కొంచెం పెద్దదే.

నేను గండిపేట అవతల ఒక స్టేబుల్‌లో చాలా ఏళ్లుగా వీకెండ్ బిగినర్స్‌ని చూసుకుంటా. వచ్చేవాళ్లలో సగం మంది మీలాంటి వాళ్లే, వారమంతా కుర్చీలో కూర్చుని ఆదివారం పొద్దున గుర్రం ఎక్కేవాళ్లు. వయసు గురించి మాత్రం అస్సలు బెంగ పెట్టుకోకండి, మన శివరాంపల్లిలో నేషనల్ పోలీస్ అకాడమీ ఉంది కదా, ఐపీఎస్ ట్రైనీలకి అక్కడ గుర్రపు స్వారీ కూడా ట్రైనింగ్‌లో భాగమే, వాళ్లలో అప్పటిదాకా గుర్రాన్ని ముట్టుకోనివాళ్లు కూడా ఉంటారు, వాళ్లేమీ ఎనిమిదో క్లాస్ పిల్లలు కాదు. పిల్లలకి ఈజీగా వచ్చేది వాళ్లు పడతామని ముందే ఊహించుకుని బిగుసుకుపోరు కాబట్టి.

అసలు ట్రాట్ ఎందుకు ఎగరేస్తుందో తెలిస్తే సగం భయం పోతుంది. వాక్‌లో నాలుగు కాళ్లూ ఒకదాని తర్వాత ఒకటి పడతాయి, కాబట్టి ఎప్పుడూ ఏదో ఒక కాలు నేల మీదే ఉంటుంది, మీరు హాయిగా ఊగుతూ కూర్చుంటారు. ట్రాట్‌లో అట్లా కాదు, కుడి ముందు కాలు ఎడమ వెనక కాలు కలిసి ఒక దెబ్బ, ఎడమ ముందు కాలు కుడి వెనక కాలు కలిసి ఇంకో దెబ్బ, ఈ రెండు దెబ్బల మధ్య ఒక్క క్షణం గుర్రం మొత్తం గాల్లో ఉంటుంది. మామూలు కంటికి ఇది దొరకదు. 1878లో కాలిఫోర్నియాలో ఎడ్వర్డ్ మైబ్రిడ్జ్ వరసగా కెమెరాలు పెట్టి ఫొటోలు తీసేదాకా, ట్రాట్‌లో గుర్రం నిజంగా గాల్లోకి లేస్తుందా లేదా అని పెద్ద పెద్దవాళ్లు వాదించుకుంటూనే ఉన్నారు. ఆ గాల్లోంచి దిగి మళ్లీ ఎగిరేటప్పుడు దాని వీపు మిమ్మల్ని తంతుంది. ఆ తన్నే మీ "అప్". దాన్ని వాడుకుంటే రైజింగ్ ట్రాట్, వాడుకోకపోతే బస్తా.

మామూలు స్కూల్ గుర్రం ట్రాట్‌లో నిమిషానికి ఇంచుమించు 150 దెబ్బలు వేస్తుంది. ఒక దెబ్బకి లేవడం, ఇంకో దెబ్బకి కూర్చోవడం. ఫోన్‌లో మెట్రోనోమ్ యాప్ వేసుకుని 150 దగ్గర పెట్టి వినండి, ఎంత ఫాస్ట్‌గా ఉంటుందో అర్థమవుతుంది. సార్ "అప్" అనడం మీ చెవిలో పడి, బుర్ర దాకా వెళ్లి, కాలికి చేరేసరికి ఆ దెబ్బ అయిపోయి తర్వాతది వచ్చేస్తుంది. అందుకే సార్ గొంతుని ఫాలో అయితే ఎప్పుడూ లేటే. గొంతు వదిలేసి సీటు కింద వచ్చే తోపుని ఫాలో అవ్వండి.

ఇక నేను ఎప్పుడూ చూసే తప్పులు.

మోకాళ్లు బిగించడం. అన్నిటికన్నా పెద్దది ఇదే, దీని గురించి కొంచెం ఎక్కువ చెప్తా. భయం వేస్తే ఎవరైనా చేసేది ఇదే, మోకాళ్లతో సాడిల్‌ని గట్టిగా నొక్కేస్తారు. మోకాలు బిగిస్తే తొడ పైకి జరుగుతుంది, మడమ లేస్తుంది, పిక్క వెనక్కి పోయి గుర్రం పొట్టకి తగుల్తుంది, పొట్టకి తగిలితే గుర్రానికి దాని అర్థం "ఇంకా పో" అని, అది స్పీడ్ పెంచుతుంది, మీరు ఇంకా భయపడి ఇంకా బిగిస్తారు. చూసేవాళ్లకేమో గుర్రం మాట వినట్లేదు అనిపిస్తుంది, పాపం అది చెప్పింది చెప్పినట్టు చేస్తోంది. కొన్ని చోట్ల ఇప్పటికీ "మోకాళ్లతో గట్టిగా పట్టుకో" అనే నేర్పిస్తారు, నేను మాత్రం ఒప్పుకోను. మోకాలు సాడిల్‌ని ఆనుకుని ఉండాలి, నొక్కకూడదు. బరువంతా తొడ మీదుగా, పిక్క మీదుగా మడమలోకి దిగాలి.

దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఒక బ్యాంక్ ఆఫీసర్ గారు వచ్చేవారు, మంచి జిమ్ బాడీ. ఆ బ్యాచ్‌లో అందరికన్నా లేట్‌గా ట్రాట్ వచ్చింది ఆయనకే. తొడల్లో బలం ఉంది కదా, ప్రతిసారీ ఆ బలంతో నిటారుగా లేచి నిలబడేవారు, పైన ఒక్క క్షణం ఎక్కువ ఉండిపోయేవారు, ఈలోపు గుర్రం ఇంకో అడుగు వేసేది, ఆయన దిగేసరికి సాడిల్ పైకొస్తూ ఎదురు తగిలేది, ధబ్. ఆర్మీలో రిటైరై మా దగ్గర ఉన్న ఉస్తాద్ కాసేపు చూసి, "ఇత్తా ఊపర్ కైకు జారే సాబ్, పంఖా సాఫ్ కర్నా హై క్యా" (అంత పైకి ఎందుకు పోతున్నారు సార్, ఫ్యాన్ తుడవాలా ఏంటి) అన్నాడు. అందరం నవ్వాం, ఆయన కూడా నవ్వారు, నవ్వేటప్పుడు మోకాళ్లు వదులయ్యాయి, నాలుగైదు అడుగులు సరిగ్గా పడ్డాయి. తర్వాత ఉస్తాద్ పెట్టిన రూల్ ఒకటే, సాడిల్‌కి ప్యాంటుకి మధ్య అరచెయ్యి పట్టేంత లేస్తే చాలు. అది కూడా నిటారుగా పైకి కాదు, నడుము కాస్త ముందుకి, మీ చేతుల వైపుకి వెళ్లాలి. దిగేటప్పుడు సాడిల్‌ని తాకీ తాకనట్టు కూర్చోవాలి, పూర్తిగా బరువు వదిలేస్తే తర్వాతి దెబ్బ దొరకదు.

ఊపిరి బిగబట్టడం. మీరు పక్కటెముకల కింద పట్టేస్తోంది అని రాశారు కదా, చాలావరకు కారణం ఇదే. ట్రాట్ మొదలవగానే మూతి బిగించి ఊపిరి ఆపేస్తారు, ఒక రౌండ్ అయ్యేసరికి మొహం ఎర్రగా అయిపోతుంది. దీనికి మందు, గట్టిగా ఏదో ఒకటి మాట్లాడటం. మాట్లాడుతుంటే ఊపిరి ఆపలేరు. ఒక డెంటిస్ట్ మేడం ఉండేవారు, "ఒన్ టూ ఒన్ టూ" అనమంటే సిగ్గుపడి నోట్లోనే గొణుక్కునేవారు. సరే మేడం, చిన్నప్పటి రెండో ఎక్కం గట్టిగా చదవండి అన్నా. "రెండొకట్ల రెండు, రెండు రెళ్లు నాలుగు, రెండు మూళ్లు ఆరు" అని ఊగుతూ చదువుతుంటే, రెండు ఎనిమిదుల దగ్గరికొచ్చేసరికి ఆవిడ గుర్రంతో కలిసి లేస్తున్నారు, అది ఆవిడకే తెలీదు. ఇప్పుడు మా బిగినర్స్ అందరితో ఎక్కాలే చదివిస్తున్నాం, పక్క రింగ్ వాళ్లు ట్యూషన్ సెంటరా అని అడుగుతుంటారు, అడగనీండి.

రీన్స్ (పగ్గాలు) పట్టుకుని వేలాడటం. బ్యాలెన్స్ పోయినప్పుడు చేతిలో ఉన్నదాన్ని లాగుతాం, అది సహజం. కానీ మీ చేతిలో ఉన్నది గుర్రం నోట్లోకి వెళ్తోంది, ఒక ఇనప ముక్క దాని చిగుళ్ల మీద, నాలుక మీద కూర్చుని ఉంది. మీరు ఎగిరిన ప్రతిసారీ అది నోట్లో కొట్టుకుంటుంది. మెడ చుట్టూ ఒక బెల్ట్ కట్టమని సైస్‌ని (గుర్రాలని చూసుకునే మనిషిని) అడగండి, పాత స్టిరప్ లెదర్ (పాదం పెట్టుకునే స్టిరప్‌ని సాడిల్‌కి వేలాడదీసే తోలు పట్టీ) అయినా చాలు, రీన్స్‌తో పాటు దాన్ని కూడా వేళ్లతో పట్టుకోండి. అది లేకపోతే జూలు పట్టుకోండి, నామోషీ ఏం లేదు, గుర్రానికి పెద్దగా నొప్పి కూడా ఉండదు.

హైదరాబాద్‌లో ఇది ఇంకా ముఖ్యం, ఎందుకంటే ఇక్కడి రైడింగ్ స్కూళ్లలో మలక్‌పేట రేస్ కోర్సులో పరిగెత్తి రిటైరైన థరోబ్రెడ్‌లు (రేసుల కోసం పెంచే జాతి గుర్రాలు) చాలానే ఉంటాయి. రేస్ గుర్రానికి నేర్పించింది వేరు. జాకీ రీన్స్ టైట్‌గా పట్టుకుంటే అది ఆ పట్టు మీద ఆనుకుని ఇంకా గట్టిగా పరిగెడుతుంది. మళ్లీ ట్రైనింగ్ సరిగ్గా ఇవ్వని రేస్ గుర్రాన్ని మీరు భయంతో లాగిపెట్టి పట్టుకుంటే ఆగడం మానేసి ఉరుకుతుంది. లాగి వదలాలి, లాగి వదలాలి, ఒకే పట్టున లాగి ఉంచకూడదు. గొంతుతో "హోఓఓ" అని లాగదీసి చెప్తే చాలా గుర్రాలు దానికే స్లో అవుతాయి.

మరి ఏం చేయాలి అంటే, వచ్చే క్లాస్‌లో ట్రాట్ దాకా వెళ్లకముందే వాక్‌లో స్టిరప్స్ మీద నిలబడండి. పిరుదులు సాడిల్ నుంచి కొంచెం లేపి, మోకాళ్లు వంచి, మడమలు కిందికి వదిలి, మెడ బెల్ట్ పట్టుకుని రింగ్ సగం దూరం అట్లానే. వెనక్కి పడిపోతుంటే మీ కాళ్లు ముందుకి పోయాయి, మెడ మీదికి పడుతుంటే కాళ్లు వెనక్కి పోయాయి, ఎవరూ చెప్పక్కర్లేదు, మీకే తెలిసిపోతుంది. ఇది కుదిరాక వాక్‌లోనే లేవడం కూర్చోవడం. వాక్‌లో గుర్రం వీపు మిమ్మల్ని పైకి తన్నదు కాబట్టి లేవడం కష్టంగా ఉంటుంది, అంటే ఇక్కడ కుదిరితే ట్రాట్‌లో ఈజీ. ఆ తర్వాత ట్రాట్, కానీ చిన్న చిన్న ముక్కలు, పది పన్నెండు అడుగులు ట్రాట్, మళ్లీ వాక్, ఊపిరి పీల్చుకుని మళ్లీ. రిథమ్ పోయాక కూడా పంతానికి రౌండ్ పూర్తి చేయడం వల్ల తప్పే అలవాటవుతుంది, గుర్రం వీపు కూడా హూనం. రిథమ్ పోయిందా, వాక్‌కి వచ్చేయండి, మళ్లీ మొదలుపెట్టండి.

వీలైతే లంజ్ క్లాస్ అడగండి. అంటే సార్ మధ్యలో నిలబడి పొడుగు తాడు పట్టుకుని గుర్రాన్ని తన చుట్టూ తిప్పుతారు, స్పీడ్, స్టీరింగ్ అంతా ఆయన చేతిలో, మీకు మీ ఒళ్లు తప్ప వేరే పని లేదు. గ్రూప్‌లో ఒకదాని వెనక ఒకటి పోతుంటే ముందు గుర్రం ట్రాట్ ఎత్తుకోగానే మీది కూడా చెప్పాపెట్టకుండా ఎత్తుకుంటుంది, మీరు సర్దుకునేలోపు సగం రౌండ్ అయిపోతుంది. నా లెక్కలో ఇరవై నిమిషాల లంజ్ నాలుగు గ్రూప్ క్లాసులతో సమానం. ఖర్చు కొంచెం ఎక్కువ అడగొచ్చు, పెట్టండి. అంతకుమించి టైమ్ అడగకండి, చిన్న సర్కిల్‌లో ఎక్కువసేపు తిరిగితే గుర్రం కాళ్ల మీద లోడ్ పడుతుంది.

స్టిరప్ పొడుగు చాలామంది పట్టించుకోరు, ముందు ఎక్కిన వాళ్లది ఎంతుంటే అంతే పెట్టుకుని పోతారు. కింద నిలబడి వేళ్ల చివర్లు సాడిల్ మీద స్టిరప్ లెదర్ తగిలించే చోట ఆనించి, స్టిరప్‌ని చంకలోకి లాగి చూడండి, అక్కడిదాకా వస్తే దాదాపు సరిపోయినట్టే. ఎక్కాక పాదం బయటకి తీసి వదిలితే ఇనుము చీలమండ ఎముక దగ్గర తగలాలి. పొడుగైతే వేళ్లతో వెతుక్కుంటూ ఉంటారు, ఇక లేవడం ఎక్కడిది. పాదం వెడల్పుగా ఉండే చోట స్టిరప్ పెట్టండి, లోపలికంటా దూర్చొద్దు. మందపాటి సోల్ ఉన్న స్పోర్ట్స్ షూ వేసుకోకండి, పడ్డప్పుడు ఇరుక్కుపోతుంది, చిన్న మడమ ఉండి అడుగు నున్నగా ఉండే షూ కావాలి. జీన్స్ కుట్టు తొడ లోపల చర్మం లేపేస్తుంది, టైట్ ట్రాక్ ప్యాంట్ బెటర్. హెల్మెట్ మీ సొంతది కొనుక్కోండి, గుర్రపు స్వారీకి చేసినదే, బైక్‌ది కాదు. ఒక్కసారి గట్టిగా దెబ్బ తగిలితే బయటికి బాగానే ఉన్నా మార్చేయండి.

ట్రాట్ మధ్యలో స్టిరప్ జారిపోయిందా, కంగారుపడి కిందికి వంగి చూడకండి. మెడ బెల్ట్ పట్టుకుని, కాళ్లు బిగించకుండా కిందికి వదిలేసి, వెన్ను నిటారుగా పెట్టి "హో" అనండి, వాక్‌కి వచ్చాక పాదం పెట్టుకోవచ్చు. నేను చూసిన బిగినర్స్ ట్రాట్ ఫాల్స్‌లో ఎక్కువ భాగం ఆ కిందికి వంగి చూడటం వల్లే.

డయాగొనల్ గురించి, అంటే రెండు దెబ్బల్లో ఏ దెబ్బకి లేవాలి అన్నదాని గురించి కూడా అడిగారు. ఇప్పుడు వద్దు. రిథమ్ కుదిరాక చూసుకోవచ్చు, రింగ్‌లో గుర్రం బయటి వైపు భుజం ముందుకెళ్లినప్పుడు లేవాలి, వెనక్కొచ్చినప్పుడు కూర్చోవాలి, తప్పు పడితే రెండు దెబ్బలు వరసగా కూర్చుంటే మారిపోతుంది, అంతే దాని కథ. ఇప్పటినుంచే భుజం వైపు చూస్తూ కూర్చుంటే తల వంగుతుంది, తల వంగితే ఒళ్లంతా ముందుకి వంగుతుంది. గుర్రం చెవుల మధ్య నుంచి ముందుకి చూడండి. సిట్టింగ్ ట్రాట్ (లేవకుండా కూర్చునే ట్రాట్ చేయడం) కూడా అంతే, సీటు కుదరకుండా రౌండ్లు రౌండ్లు సిట్టింగ్ చేయించే చోట గుర్రాల వీపులు చూసి జాలేస్తుంది.

గుర్రం కూడా ముఖ్యమే. మార్వారీ గుర్రాల్లో కొన్నిటికి రేవాల్ అని ఒక నడక ఉంటుంది, చాలా స్మూత్, అస్సలు ఎగరేయదు. దాని మీద కూర్చుంటే ట్రాట్ వచ్చేసిందనిపిస్తుంది, వేరే గుర్రం ఎక్కిన రోజు మళ్లీ మొదటికి వస్తారు. అట్లాగే పొడుగ్గా అంగలేసే పెద్ద థరోబ్రెడ్ మొదట్లోనే ఇస్తే ఎవరికైనా కష్టమే. మీకు కావాల్సింది మధ్యస్థంగా, కాస్త బద్ధకంగా, ఒకే స్పీడ్‌లో పోయే ముసలి గుర్రం. మీ బరువు, సాడిల్ బరువు కలిపి గుర్రం బరువులో ఐదో వంతు దాటకుండా చూసుకోవాలని ఒక లెక్క ఉంది, 450 కిలోల గుర్రానికి 90 కిలోలు. స్టేబుల్ వాళ్లని అడగడానికి మొహమాటపడకండి. రోజూ కొత్త గుర్రం ఇస్తుంటే కొన్ని వారాలు ఒకే గుర్రం కావాలని చెప్పండి.

మన సిటీ సంగతి తెలిసిందే. మార్చి నుంచి జూన్ దాకా ఎనిమిదింటి బ్యాచ్ దండగ, ఆరింటికి వెళ్లండి, మీకూ గుర్రానికీ మంచిది. సంక్రాంతి వారంలో రింగ్ మీద గాలిపటం ఒకటి సర్రున దిగితే బద్ధకం గుర్రం కూడా పక్కకి దూకుతుంది, ఆ వారం ట్రాట్ బదులు లంజ్ పెట్టుకోవడం బెటర్. పక్కన ఫంక్షన్ హాల్ ఉంటే బ్యాండ్, టపాకాయలకి కూడా అంతే.

ఇంట్లో చేయాల్సినవి రెండే. మీ అపార్ట్‌మెంట్ మెట్టు అంచు మీద పాదం ముందు భాగం పెట్టి, మడమలు కిందికి వదిలి అర నిమిషం, రోజుకి కొన్నిసార్లు. రెండోది, ఆఫీస్ కుర్చీ ముందు నిలబడి మూడు లెక్కపెడుతూ మెల్లగా కూర్చోండి, కుర్చీ చప్పుడు రాకూడదు, తాకగానే మళ్లీ లేవండి. ఈ రెండోది పిచ్చిగా కనిపిస్తుంది కానీ దిగేటప్పుడు కంట్రోల్ దీంతోనే వస్తుంది. తొడ లోపలి వైపు, పిక్కలు రెండ్రోజులు నొప్పి పుట్టడం మామూలే. నడుములో పొడిచినట్టు నొప్పి, కాలిలోకి దిగే తిమ్మిరి మాత్రం మామూలు కాదు, అట్లాంటిది ఉంటే క్లాస్ ఆపేసి ముందు ఆర్థో డాక్టర్‌కి చూపించుకోండి. డిస్క్ ప్రాబ్లమ్ ముందే ఉంటే ఆ సంగతి సార్‌కి చెప్పకుండా ఎక్కొద్దు.

వచ్చే ఆదివారం ఎవరితోనైనా రింగ్ బయట నుంచి, సరిగ్గా పక్క నుంచి, ఒక నిమిషం వీడియో తీయించి పెట్టండి, మొహం కనపడక్కర్లేదు, నడుము నుంచి పాదం దాకా వస్తే చాలు. స్టిరప్ పొడుగు, మోకాలు చూసి ఏది ముందు సరిచేయాలో చెప్తా.